ఊరిని రోగిగా చూసే చదువు

1930 ప్రాంతంలో, అప్పటి మద్రాసు రాజధానిలో చేరి ఉన్న నెల్లూరు జిల్లాలో, రైతులు తమ ఎడ్లకు పట్టుకున్న ఒక వింత బాధను గమనించారు. కాడి మోయవలసిన ఎడ్లు కాళ్లు బిగిసి, కీళ్లు నొచ్చి, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాయి. కొన్ని సంవత్సరాలు గడిచేసరికి అదే బాధ మనుష్యులలోనూ కనబడింది. పళ్లు గారపట్టడం, వెన్ను వంగి బిగుసుకొనిపోవడం, మెడ తిప్పలేకపోవడం దాని లక్షణాలు. 1937లో షార్ట్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఈ రోగులను పరీక్షించి, దీనికి కారణం తాగే నీటిలో మితిమీరి ఉన్న ఫ్లోరైడు అనే లవణమని ప్రకటించారు. 1955లో సిద్దికీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలో ఇదే వ్యాధిని వర్ణించాడు. అప్పటినుంచి ఫ్లోరోసిస్ అన్న మాట తెలుగునాట ఇంటింటా తెలిసిన మాట అయింది.

ఈ వృత్తాంతంలో మనం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. వంగిన వెన్నుతో ఆసుపత్రికి వచ్చిన మనిషిని వైద్యుడు ఎంత శ్రద్ధగా పరీక్షించినా, ఆ వెన్నును మళ్లీ నిలబెట్టే మందు ఆయన చేతిలో లేదు. ఆ మనిషి వచ్చిన ఊరు ఏది, ఆ ఊళ్లో మరెందరికి ఇట్లా ఉన్నది, పొరుగూరిలో ఎందుకు లేదు, ఈ రెండు ఊళ్ల నీళ్లకూ భేదమేమిటి అని అడిగినవాడికే రోగం అంతుపట్టింది. రోగి పడక పక్కన నిలబడి నేర్చుకొనే విద్యకు ఈ ప్రశ్నలు సహజంగా తోచవు. వీటిని అడగడం ప్రత్యేకంగా నేర్పవలసి ఉంటుంది. వైద్యపట్టం పొందిన తరువాత చదివే ప్రజారోగ్యశాస్త్రం ఆ నేర్పు కోసమే పుట్టింది. దాని చరిత్ర నూటయాభై సంవత్సరాలకు కొంచెం పైబడినది. ఆ చరిత్ర యావత్తూ ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ చదువు చదివే స్థలం ఏది? పరీక్షాశాలా, పరిశోధనాలయమా, పల్లెటూరా?

ఈ చదువు కంటె ముందు పుట్టినది ఉద్యోగం. పందొమ్మిదవ శతాబ్దంలో యంత్రపరిశ్రమలు పెరిగి, ఆంగ్లదేశపు పట్టణాలు జనంతో కిక్కిరిసిపోయాయి. మురుగు పోయే దారి లేదు. మంచినీరు వచ్చే దారి లేదు. 1847లో లివర్‌పూల్ నగరం డంకన్ అనే వైద్యుణ్ణి ఆరోగ్యాధికారిగా నియమించింది. ఆ దేశంలో ఆ పదవికి ఆయనే ప్రథముడు. ఇటువంటి పదవికి తగిన చదువేదో ఆనాడు ఎవరికీ తెలియదు. వైద్యుడైతే చాలుననుకొన్నారు.

చాలదని తేల్చినవి కలరా రోజులు. 1854లో లండన్ నగరంలో బ్రాడ్ వీధి పరిసరాలలో కలరా చెలరేగి ఆరు వందల మందికి పైగా మరణించారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను ఒకటొకటిగా గుర్తించి, ఆ మరణాలు వీధిలో ఉన్న ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని చూపించాడు. అంతకంటె మెచ్చుకోదగినది ఆయన చేసిన మరొక పని. చనిపోయినవారిని లెక్కపెట్టి ఆగక, చావు తప్పినవారిని గురించి కూడా ఆయన విచారించాడు. ఆ పంపు దగ్గరలోనే ఉన్న సారాయి బట్టీ పనివారు సురక్షితంగా ఉన్నారు; వారికి తాగడానికి బీరు దొరికేది, బట్టీకి సొంత బావి కూడా ఉండేది. చేరువలో ఉన్న అనాథశాలకూ వేరే బావి ఉంది. అక్కడ చావులు స్వల్పం. ప్రజారోగ్యశాస్త్రానికి మూలసూత్రం ఇందులోనే ఉంది. ఎందరికి రోగం వచ్చిందని తెలుసుకోవడం సగం పని. ఎందరిలో అందరికి వచ్చిందని తెలుసుకొన్నప్పుడే లెక్క పూర్తవుతుంది. ఒక ఆసుపత్రిలో నెలకు పదిమంది పసివాళ్లు చనిపోయారంటే, అది ఎక్కువో తక్కువో చెప్పలేము. ఆ ప్రాంతంలో ఆ నెల ఎందరు పుట్టారో తెలియాలి. జనన మరణాల పట్టీని గుమాస్తాపనిగా తలచే మనకు ఈ శాస్త్రం నేర్పే మొదటి పాఠం, ఆ పట్టీ వైద్యపరికరమన్నదే.

ఇట్లా చూడగలవారిని తయారుచేయడానికి 1871లో డబ్లిన్ విశ్వవిద్యాలయం వైద్యులకు ఒక ప్రత్యేక పరీక్ష నెలకొల్పింది. 1875లో కేంబ్రిడ్జి ఆ దారి పట్టింది. ఆ తొలినాళ్లలో దీనిని చదువు అనడం కంటె పరీక్ష అనడమే న్యాయం. పుస్తకాలు చదివి, పరీక్ష రాసి, యోగ్యతాపత్రం పుచ్చుకొనేవారు. ఆ కాగితానికి విలువ తెచ్చినది చట్టం. 1888లో చేసిన స్థానిక ప్రభుత్వ చట్టం, 1892 నుంచి యాభైవేలు అంతకు మించిన జనాభా గల ప్రాంతంలో ఆరోగ్యాధికారిగా నియమితుడయ్యేవానికి ప్రజారోగ్యంలో డిప్లొమా గాని, ఆ పనిలో పూర్వానుభవం గాని ఉండాలని నిర్దేశించింది. పదవి ఉన్నచోట చదువు నిలబడింది. ఈ సంగతి గుర్తుంచుకోదగినది. మన దేశపు కథలో దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ డిప్లొమా ఒకటి మన ప్రాంతపు చరిత్రలో కూడా చేరింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ సెలవుమీద లండన్ వెళ్లి, 1888–89లో ప్రజారోగ్య డిప్లొమా పుచ్చుకొని, సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ పొందాడు. తిరిగి వచ్చిన కొన్నేళ్లకు, 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించాడు. 1902లో నోబెల్ బహుమానం ఆయనను వరించింది. ఐతే ఆ తరువాత దశాబ్దాల తరబడి మలేరియా మన మన్యాలను పీడిస్తూనే ఉంది. దోమను కనిపెట్టడానికి ఒక్క మేధావి చాలును. ఏ ఊళ్లో ఏ గుంటలో ఆ దోమ పుడుతున్నదో చూసి, గుంట పూడ్పించి, మరుసటి ఏడు జ్వరాలు తగ్గినవో లేదో లెక్క తీయడానికి వేలమంది శిక్షితులు కావాలి. వారిని తయారుచేసే విద్యాలయం అప్పటికి భారతదేశంలో లేదు.

ఈలోగా జర్మనీ దేశం ఈ చదువును పరిశోధనాలయంలోకి తీసుకొనిపోయింది. మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ 1865లోనే ఆరోగ్యశాస్త్రానికి ప్రొఫెసరు పదవి అలంకరించాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని పరిశోధించి వెళ్లిన రాబర్ట్ కాక్ 1885లో బెర్లిన్‌లో ఆ శాస్త్రానికే ఆచార్యుడయ్యాడు. సూక్ష్మదర్శిని ఈ శాస్త్రానికి చిహ్నమైంది.

పరిశోధనాలయం గొప్పదా, పాలనానుభవం గొప్పదా అన్న వాదం అమెరికాలో తేటతెల్లమైంది. కొంకిపురుగు వ్యాధిని నిర్మూలించే ఉద్యమానికి నాయకత్వం వహించిన వికిలిఫ్ రోజ్, జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలకు చెందిన విలియం వెల్చ్ కలిసి 1915లో రాక్‌ఫెల్లర్ ధర్మసంస్థకు ఒక నివేదిక సమర్పించారు. రోజ్ వైద్యుడు కాడు, తత్త్వశాస్త్రం బోధించినవాడు. ఊరూరా తిరిగి పనిచేసే అధికారులకు తరిఫీదు ఇవ్వడం ఆయన ధ్యేయం. వెల్చ్ జర్మన్ పద్ధతిని అభిమానించేవాడు. శాస్త్రపరిశోధన ఆయన ధ్యేయం. చివరకు వెల్చ్ అభిప్రాయమే ఎక్కువగా నెగ్గింది. 1916లో బాల్టిమోర్‌లో స్థాపితమైన పాఠశాల 1918 అక్టోబరులో తలుపులు తెరిచింది. అది ప్రపంచమంతటా విషజ్వరం విజృంభించిన నెల. ఆ జ్వరం మన దేశంలో కోటి మందికి పైగా బలిగొన్నది. ఆ పాఠశాలలో వైద్యులతోపాటు వైద్యులు కానివారికీ, పురుషులతోపాటు స్త్రీలకూ ప్రవేశం ఉండడం గమనార్హం. లండన్‌లో 1921లో ఆథ్లోన్ సంఘం ఇటువంటి విద్యాలయం అవసరమని సూచించగా, రాక్‌ఫెల్లర్ సంస్థ 20 లక్షల డాలర్లు ఇచ్చింది. 1924లో రాజశాసనం లభించింది. 1929లో కెప్పెల్ వీధిలో భవనం వెలిసింది.

మన దేశం విషయానికి వద్దాము. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించినప్పుడు ప్రభుత్వం సైనికబలంతో ఇళ్లు సోదా చేయించింది. ప్రజలు భయపడి పారిపోయారు. రోగం వారి వెంట ప్రయాణం చేసింది. ప్రజల విశ్వాసం లేనిదే ప్రజారోగ్యం లేదన్న పాఠం ఎంతో నష్టంతో నేర్చుకొన్నాము. 1920 దశకంలో మద్రాసు రాజధానిలో జిల్లా ఆరోగ్యాధికారుల పదవులు ఏర్పడ్డాయి. 1939లో ఆ రాజధాని చేసిన ప్రజారోగ్య చట్టం దేశంలో ఆ కోవకు చెందిన వాటిలో మొదటిది. అప్పటి తెలుగు జిల్లాలలో అనేకం ఆ ఏలుబడిలోనివే గనుక, సంతలో నీళ్ల తొట్టికి మందు కలపడం నుంచి తిరునాళ్లకు కలరా సూదులు వేయడం వరకు మనవారు ఎరిగిన “హెల్తాఫీసరు” ఆ వ్యవస్థనుంచి వచ్చినవాడే.

అటువంటి అధికారి ఉన్నత విద్య కోసం సముద్రం దాటవలసిన స్థితి ఎంతకాలం? దీనికి సమాధానంగా 1932 డిసెంబరు 30వ తేదీన కలకత్తాలో అఖిల భారత ఆరోగ్యశాస్త్ర, ప్రజారోగ్య సంస్థ ప్రారంభమైంది. భవనానికి, పరికరాలకు రాక్‌ఫెల్లర్ సంస్థ ధనసహాయం చేసింది. జనన మరణ గణాంకాలు, వ్యాధుల వ్యాప్తిని విచారించే శాస్త్రం, పోషకాహారం, మాతాశిశు సంక్షేమం, మలేరియా విజ్ఞానం, మంచినీటి సరఫరా, మురుగు పారుదల, ప్రజారోగ్య పాలన ఈ విద్యకు అంగాలు. వైద్యపట్టభద్రుడు ఇక్కడికి వచ్చి నాడి చూడడం నుంచి నీటిగొట్టాల పటం చూడడానికి కన్ను మార్చుకోవాలి. ఇంజనీరు వచ్చి గొట్టం వెడల్పుతోపాటు దాని చివర నీళ్లు పట్టుకొనే తల్లి బిందెను గురించి కూడా ఆలోచించడం నేర్చుకోవాలి.

అయినా కలకత్తా నగరం నడిబొడ్డున మేడలో కూర్చొని పల్లెల ఆరోగ్యం చదవడం ఎట్లా? దేశంలో నూటికి ఎనభైమందికి పైగా పల్లెవాసులైన కాలమది. 1939లో ఆ సంస్థకు డైరెక్టరుగా వచ్చిన జాన్ గ్రాంట్ ఈ లోపాన్ని ఎరిగినవాడు. చైనాలో పుట్టి, బాల్టిమోర్ పాఠశాలలో చదివి, 1925లో పెకింగ్ నగరంలో ఒక పేటను ఎన్నుకొని, వైద్యవిద్యార్థులకు ఆ పేటనే పాఠ్యగ్రంథంగా చేసినవాడు. ఆ 1939లోనే హుగ్లీ జిల్లాలో సింగూరు అనే చోట సంస్థకు గ్రామీణ శిక్షణ కేంద్రం ఏర్పడింది. విద్యార్థులు అక్కడికి వెళ్లి ఇల్లిల్లూ తిరగాలి, బావులు చూడాలి, మంత్రసానితో మాట్లాడాలి, ఎవరు పుట్టారో ఎవరు పోయారో వ్రాయాలి. పరీక్షాశాలలో పుట్టి, పరిశోధనాలయంలో పెరిగిన చదువు పల్లెకు చేరింది. నా మట్టుకు, ఈ చదువు చరిత్రలో ఇంతటి మలుపు మరొకటి లేదు.

ఆ మలుపు ఫలితం 1946లో వెలువడిన భోర్ సంఘం నివేదికలో కానవస్తుంది. 1943లో నియమితమైన ఆ సంఘంలో గ్రాంట్ ఒక సభ్యుడు. ఆ నివేదిక చూపిన అంకెలు నేటికీ మనసును కలచివేస్తాయి: 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 162 మంది ఏడాది నిండకముందే చనిపోయారు, సగటు ఆయువు 27 ఏళ్లు దాటలేదు. ప్రతి వైద్యవిద్యార్థికీ మూడు నెలలపాటు నివారణ వైద్యంలో, సామాజిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని, పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని ఆ సంఘం సిఫారసు చేసింది. మనం నేడు పీహెచ్‌సీ అని పిలిచే కేంద్రం ఆ ఆలోచననుంచి వచ్చినదే.

ఊరినే రోగిగా చూసే ఈ దృష్టి ఏమి సాధించగలదో చెప్పడానికి ఒక తెలుగువాని పని చాలును. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్టణంలోని ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయ సానువులలోని కాంగ్రా లోయలో ఒక ప్రయోగం ఆరంభించాడు. అక్కడ గొంతువాపు, అంటే గాయిటరు, విస్తారంగా ఉంది. లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్లకు మొదటి రెండు భాగాలలో గొంతువాపు బాగా తగ్గింది. మూడో భాగంలో తగ్గలేదు. ఆ పిమ్మట మూడో భాగానికి కూడా అయొడిన్ ఉప్పు ఇచ్చారు. శస్త్రచికిత్స లేదు, సూదిమందు లేదు. వంటింటి ఉప్పుచిక్కమే ఔషధాలయమైంది. ఈనాడు మన ఇళ్లలోకి వచ్చే అయొడిన్ ఉప్పు వెనుక ఆ లోయ ఉంది. నీటిలో ఫ్లోరైడును సున్నం, పటిక వాడి తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరు వచ్చినది కూడా ఈ మార్గంలోనే.

ఇంత ప్రయోజనం ఉన్న చదువుకు మన దేశంలో దక్కిన గౌరవం మాత్రం తక్కువ. కళాశాలలలో నివారణ, సామాజిక వైద్యశాఖలు వెలిశాయి. కాని తెలివైన విద్యార్థి శస్త్రచికిత్సకో, హృద్రోగానికో పోతాడు. ప్రజారోగ్యం తీసుకొన్నానని చెబితే, “బోర్డు ఎక్కడ కడతావు నాయనా?” అని బంధువులు అడుగుతారు. వారి ప్రశ్నలో తప్పులేదు. నయమైన రోగి పండ్లు పట్టుకొని వైద్యుని ఇంటికి వస్తాడు. రోగం రాకుండా తప్పించుకొన్నవాడికి తాను తప్పించుకొన్న సంగతే తెలియదు. కృతజ్ఞత ఎవరికి చెప్పగలడు?

1997లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. పట్టం ప్రవేశపెట్టింది. 2006లో ఏర్పడిన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ 2008లో హైదరాబాదులో ఒక విద్యాలయాన్ని తెరిచింది. కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, అంతకుముందునుంచే మన నడుమ ఉంది. ఈనాడు నర్సులు, దంతవైద్యులు, గణాంకశాస్త్రం చదివినవారు, సాంఘికశాస్త్రాలు చదివినవారు ఈ పట్టాలకు వస్తున్నారు. బాల్టిమోర్‌లో 1918లో తెరిచిన తలుపు మన వద్ద ఇట్లా తెరుచుకొంటున్నది.

కాని 1888 నాటి ఆంగ్ల చట్టం చెప్పిన పాఠం ఇంకా మనకు పూర్తిగా వంటపట్టలేదు. చదువు పెట్టి పదవి పెట్టకపోతే, చదివినవాడు వేరే పని వెదుకుకొంటాడు. పదవి పెట్టి చదువు అడగకపోతే, నియామకం పొందినవాడు పని నేర్చుకొనేలోపల కాలం గడిచిపోతుంది. పాత మద్రాసు రాజధాని వారసత్వంగా వచ్చిన ప్రత్యేక ప్రజారోగ్య శాఖను తమిళనాడు నిలుపుకొన్నది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలోనూ ఇటువంటి ఉద్యోగవర్గం ఉండాలని సూచించింది. 2022లో కేంద్రప్రభుత్వం అందుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. 1953 వరకు ఆ రాజధానిలోనే ఉన్న మన జిల్లాలకు ఇది పరాయి సంప్రదాయం కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రతి ఇంటిలోనూ అంకెలు వినిపించాయి. ఎందరికి సోకింది అన్నది అందరూ అడిగారు. ఎందరిని పరీక్షిస్తే అందరికి సోకింది అని అడగగలిగినవారు ఎందరున్నారో ఎవరికి వారు తలచుకోవచ్చు.

1975 మే నెలతో మన దేశంలో మశూచి ఆఖరైంది. అది ఊరకే పోలేదు. ఎక్కడ ఒక్క పొక్కు కనిపించినా ఆ ఇంటిని కనిపెట్టి, చుట్టుపక్కలవారికి టీకాలు వేసి, గొలుసు తెంపుతూ పోయిన లెక్కల మనుష్యులు ఇంటింటికి తిరిగితే పోయింది. ఆ తరువాత పుట్టినవారి ముఖాలమీద అమ్మవారి మచ్చలు లేవు. ఆ మచ్చలు లేని ముఖాన్ని అద్దంలో చూసుకొనే యువకుడో యువతో పట్టభద్రులై, ఇక ఏమి చదవాలని ఆలోచిస్తున్నట్లయితే, ఊరిని రోగిగా చూసే ఈ చదువును కూడా ఒక్కసారి తలపులోకి తెచ్చుకోవడం మంచిది. ఆ ఇంటి పెద్దలు బోర్డు సంగతి అడిగేముందు, తమ ఊరి నీటితొట్టిని ఆఖరుసారి కడిగించినది ఎప్పుడో, కడిగించవలసిన బాధ్యత ఎవరిదో విచారించడం ఇంకా మంచిది.